హంపి నరసింహుడి ఒళ్ళో లక్ష్మీదేవిని మళ్ళీ కూర్చోబెట్టాలా, వద్దా?

అనంతపురం అమ్మాయి:
పోయిన వారం అమ్మను తీసుకుని హంపి వెళ్ళొచ్చాను. విరూపాక్షుడి గుళ్ళో దీపం ఉంది, గంట ఉంది, పూజారి ఉన్నాడు, అమ్మ తృప్తిగా దండం పెట్టుకుంది. అక్కణ్ణుంచి నరసింహస్వామి దగ్గరకు వెళ్ళాం. కృష్ణదేవరాయల కాలంలో, 1528లో, ఒకే బండలో చెక్కిన 6.7 మీటర్ల విగ్రహం. చేతులు విరిగిపోయి ఉన్నాయి. అందరూ ఉగ్ర నరసింహుడు అంటారు గానీ ఈయన నిజానికి లక్ష్మీ నరసింహుడనీ, ఒళ్ళో ఉన్న అమ్మవారిని పగలగొట్టేశారనీ గైడు చెప్పాడు. అమ్మ అక్కడ ఏమీ మాట్లాడలేదు. ఆటో ఎక్కాక మాత్రం, "ఇంత ప్రభుత్వముంది, ఇంతమంది శిల్పులున్నారు, ఇన్నేళ్ళుగా ఆవిణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టే దిక్కే లేకపోయిందా" అంది. నా దగ్గర జవాబు లేదు. మోకాళ్ళ మధ్య కనిపించే రాతి పట్టీ పురావస్తు శాఖ వాళ్ళు తర్వాత పెట్టిందే కదా, అది పెట్టినవాళ్ళు అమ్మవారిని ఎందుకు పెట్టకూడదు? నాకైతే పెట్టాలనే ఉంది. మీరేమంటారు?

ఓరుగల్లు బాటసారి:
పెట్టాలి. మా హనుమకొండ వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం సంగతి చూడండి. పక్కకు ఒరిగి, పడిపోయే స్థితిలో ఉంటే 2006లో పని మొదలుపెట్టి రాయి రాయి విప్పేశారు. ఏళ్ళకేళ్ళు ఆ రాళ్ళు ఆవరణలో అలాగే పడి ఉంటే, వెళ్ళిన ప్రతిసారీ మా నాన్న తిట్టుకుంటూ వచ్చేవాడు. చివరికి 2024 మార్చిలో మండపం మళ్ళీ నిలబడింది. ఇప్పుడు లోపల నిలబడి పైకి చూస్తే, ఇది శిథిలంగా ఉన్నప్పుడే బాగుందని ఎవరూ అనరు. మధ్యప్రదేశ్‌లోని బటేశ్వర్‌లో కూడా రాళ్ళ కుప్పల్లోంచి పదుల కొద్దీ గుళ్ళు లేపారు. అక్కడ కుదిరింది హంపిలో ఎందుకు కుదరదు?

ఉలిచప్పుడు:
చెల్లెమ్మా, మాది ఆళ్ళగడ్డ. మూడు తరాలుగా రాయి చెక్కుకుని బతుకుతున్నాం. ఆ పని ఇస్తే మాలాంటివాళ్ళకే వస్తుంది, అయినా వద్దనే అంటాను.

ముందు ఓరుగల్లు అన్న చెప్పినదాని గురించి. వేయిస్తంభాల మండపంలో విప్పినవీ అక్కడి రాళ్ళే, మళ్ళీ పేర్చినవీ ఎక్కువగా అక్కడి రాళ్ళే. ఒక్కో రాయికీ ఒక నంబరు, ఒక చోటు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని ఆలంపురానికి తెచ్చినప్పుడూ అంతే, రాళ్ళు పాతవి, చోటే కొత్తది. ఇక్కడ మీరు పెట్టమంటున్న లక్ష్మీదేవికి పాత రాయి ఎక్కడుంది? ఆవిడ ముఖం ఎలా ఉండేది, తల ఎటు వంచింది, చేతిలో పువ్వు ఎలా పట్టుకుంది, చూసి చెక్కడానికి మా ముందు ఏమీ లేదు. నన్ను చెక్కమంటే చెక్కుతాను, శాస్త్రం ప్రకారం తాళమానం, అంటే విగ్రహం కొలతలు, లెక్కేసి అందంగానే చెక్కుతాను. కానీ అది ఈ కాలపు ఆళ్ళగడ్డ లక్ష్మి అవుతుంది. రేపు మీ పిల్లలు వచ్చి రాయల కాలం పనితనం ఎంత గొప్పదో అని నా పనికి దండం పెడతారు. అది నాకు సిగ్గు.

ఇక పని సంగతి. మొదటిది ఒకే బండ. కొత్త విగ్రహాన్ని ఆ ఒడిలో నిలపాలంటే పాత రాతికి రంధ్రాలు వేసి కడ్డీలు దించాలి, విరిగిన అంచును చదును చేయాలి. నాలుగొందల యాభై ఏళ్ళు నిలిచిన ఆ విరుపు మీద ఉలి పెట్టడానికి నాకు చెయ్యి రాదు. మోకాళ్ళ మధ్య పట్టీ సంగతి వేరు, అది ఉన్న కాళ్ళకు ఆసరా. చూడగానే కొత్తదని తెలిసిపోతుంది, తెలియాలి కూడా. పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే 1964 వెనిస్ ఒప్పందంలో ఉన్నదీ ఇదే, కొత్తగా చేర్చింది పాతదానితో కలిసిపోయి చూసేవాళ్ళను మోసం చేయకూడదు.

ఓరుగల్లు బాటసారి:
అన్నా, రాతి గురించి మీరు చెప్పింది కాదనను. కానీ ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్న మాట మీద నాకు అనుమానం. ఇప్పుడు మనం చూస్తున్నది విజయనగరం ఓడిపోయిన 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత మిగిలిన రూపమేనా? మధ్యలో ఎవరెవరో ఎన్నెన్నో మార్చారు కదా.

హోస్పేట దారి:
మార్చారు, నిజమే. నేను హోస్పేటలో ఉంటాను, తెలుగువాళ్ళు వస్తే హంపి తిప్పి చూపిస్తుంటాను. యాభై రూపాయల నోటు మీద ఉన్న విఠల గుడి రాతి రథం తీసుకోండి. 1856లో గ్రీన్‌లా అనే ఇంగ్లిష్ అధికారి తీసిన ఫొటోలో ఆ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది. తర్వాత దాన్ని తీసేశారు. ముందున్న ఏనుగులు కూడా మొదటివి కావు, అక్కడ గుర్రాలు ఉండేవి, జాగ్రత్తగా చూస్తే వాటి తోకల ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తాయి. ఏనుగుల్ని ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. ఇప్పుడు వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది అది ఏనుగుల రథమనే అనుకుంటారు, వాళ్ళకు గుర్రాల సంగతి చెప్పి నమ్మించడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. లక్ష్మీదేవి విషయంలోనూ అదే జరుగుతుందని నా భయం.

ఇంకో మాట. కృష్ణుడి గుడి ఉంది కదా, రాయలు ఉదయగిరి గెలిచి అక్కణ్ణుంచి బాలకృష్ణుణ్ణి తెచ్చి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళకు ఈ సంగతి చెబితే ఒక్కసారిగా ముఖాలు మారిపోతాయి, ఆ ఖాళీ గర్భగుడి ముందు నిలబడి కదలరు. అక్కడ కొత్త విగ్రహం పెడితే దండం పెట్టుకుని రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు.

నిత్యపూజ:
నాది వేరే లెక్క. భిన్నమైన, అంటే విరిగిన, విగ్రహానికి పూజ ఉండదు, అందుకే నరసింహస్వామి ముందు దీపం లేదు. అమ్మవారిని పెడితే ప్రతిష్ఠ అడుగుతారు, పూజ అడుగుతారు, తర్వాత క్యూ కోసం ఇనుప గొట్టాలు, ఎండకు రేకుల షెడ్డు, కొబ్బరికాయల కొట్లు. పక్కనే నీళ్ళలో ఉన్న బడవిలింగాన్ని ప్రశాంతంగా చూసే భాగ్యం కూడా పోతుంది. పూజ కావాలనుకునేవాళ్ళకు విరూపాక్షుడు ఉన్నాడు, ఆ గుళ్ళో పూజ ఈనాటికీ సాగుతోంది.

అనంతపురం అమ్మాయి:
మీరన్నవన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఆళ్ళగడ్డ అన్న మాటలకు కొంచెం మెత్తబడింది, కానీ ఒప్పుకోలేదు. "ఆయన అలా ఒంటరిగా కూర్చుంటే చూడలేను" అంటుంది. నాకు మాత్రం రంధ్రాలు వేయాలనే మాట దగ్గరే మనసు మారింది. కానీ వచ్చినవాళ్ళకు తెలియాలి కదా. అమ్మవారు ఎక్కడ, ఎలా కూర్చునేదో రేఖల్లో గీసి ఒక బోర్డు పెట్టొచ్చు. హంపి పక్కనున్న కమలాపురం మ్యూజియంలో చిన్న నమూనా పెట్టొచ్చు. రాతిని ముట్టుకోకుండా ఇదైనా చేయాలి.

ఉలిచప్పుడు:
నమూనా అంటే నేనూ సై. రెండడుగుల రాతిలో చెక్కిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

చెల్లెమ్మా, అమ్మగారికి ఇంకో సంగతి చెప్పండి. విగ్రహం మొత్తం పోలేదు. స్వామి వీపు మీద అమ్మవారి చెయ్యి ఇంకా ఉంది, ఆయన్ను చుట్టుకుని పట్టుకున్న చెయ్యి, రాయల కాలపు ఉలి చెక్కిన చెయ్యి. కొత్త విగ్రహం పెడితే ఆ చేతిని ఏం చేస్తాం? కొత్త భుజానికి అతికిస్తామా? చెరిపేసి మా చెయ్యి పెడతామా?

అనంతపురం అమ్మాయి:
అన్నా, ఆ చెయ్యి సంగతి మాకెవరూ చెప్పలేదు. ముందు నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాం. ఇప్పుడే అమ్మకు చెప్పాను. ఆ చెయ్యి ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, అమ్మ అడుగుతోంది.