రెండు వారాల వైద్య శిబిరంతో నేపాల్ పల్లెలకు ఒరిగేదేంటి?

ఓటీ నర్సు (డల్లాస్): దసరా అయ్యాక మా బృందం గోర్ఖా జిల్లా పల్లెలకు వెళ్తోంది. బీపీ, షుగర్ చూసి మందులివ్వడం, పళ్లు పీకడం. టికెట్లు ఎవరివి వాళ్లవే. "ఆ డబ్బేదో అక్కడి ఆసుపత్రికే పంపొచ్చుగా" అంది మా ఆడపడుచు. మీరేమంటారు?

మెడికో (వరంగల్): ఆవిడ చెప్పిందే కరెక్టండీ. బీపీ మాత్రలు ఎన్నాళ్లకిస్తారు? నెలకా? ఆ తర్వాత? అమ్లోడిపిన్ మొదలుపెడితే ఏళ్ల తరబడి వాడాలి, మధ్యలో చూసేవాళ్లుండాలి. 2015 భూకంపం అప్పుడు సాయం తెచ్చిన విమానాలన్నీ కాఠ్మాండూలోని త్రిభువన్ విమానాశ్రయం ఒక్కదాంట్లోనే దిగాయి. రన్‌వే పాడవుతోందని చివరికి పెద్ద విమానాలను ఆపేశారు. సాయం అంటే ఎగబడటమే మనకు తెలుసు.

కంటి డాక్టర్ (రిటైర్డ్): అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. శుక్లం ఆపరేషన్ వేరు. నేపాల్ కంటి డాక్టర్ సందుక్ రుయిత్ బృందం కొండ ఊళ్లకు వెళ్లి, ఉన్న గదినే ఆపరేషన్ థియేటర్ చేసుకుంటుంది. చిన్న కోత, కుట్టు ఉండదు, చెయ్యి తిరిగినవాళ్లకు నిమిషాల్లో పని. మర్నాడు పొద్దున అందరినీ వరసగా కూర్చోబెట్టి, కట్టు విప్పి, వేళ్లు చూపించి ఎన్నని అడుగుతారు. కానీ అసలు బలం శిబిరంలో లేదు. 1994లో కాఠ్మాండూలో తిలగంగ కంటి ఆసుపత్రి మొదలైంది. కంట్లో అమర్చే లెన్సులు అక్కడే తయారవడంతో ధర కొద్ది డాలర్లకు దిగింది. విదేశీ డాక్టర్లూ వచ్చారు, నిజమే. వాళ్లు వెళ్లిపోయినా ఆపరేషన్లు చేసేది నేపాలీలే. మన ఎల్వీ ప్రసాద్ వాళ్లు లైబీరియాలో పట్టిందీ ఇదే దారి: మన్రోవియాలో కంటి కేంద్రం పెట్టి, అక్కడివాళ్లకే పని నేర్పడం.

ఓటీ నర్సు: సరే సార్, మరి పన్ను? పీకితే అయిపోతుందిగా. నెలల తరబడి దవడ పట్టుకు కూర్చున్న మనిషికి "ముందు మీ వ్యవస్థ బాగుపడాలి" అని చెప్తామా?

మెడికో: ఆ మాట ఒప్పుకుంటా. కానీ పీకేదెవరు? డెంటిస్టా, లేక ఇక్కడ ఎప్పుడూ ఫోర్సెప్స్ పట్టని స్టూడెంటా? పైగా విదేశీ డాక్టర్లు అక్కడ చెయ్యి వేయాలంటే నేపాల్ మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉండాలి. మీవాళ్లు తీసుకున్నారా?

ఓటీ నర్సు: డెంటిస్టులు ఇద్దరున్నారు. రిజిస్ట్రేషన్ సంగతి అడిగితే "అవన్నీ అక్కడికెళ్లాక చూసుకుందాం" అన్నారు.

కంటి డాక్టర్: అంటే తీసుకోలేదనే అమ్మా. ముందు ఆ కాగితం సంగతి చూడండి. ఇక బీపీ కౌంటర్. నేపాల్ పల్లెల్లో 1988 నుంచి మహిళా ఆరోగ్య స్వయంసేవికలున్నారు. ఇప్పుడు దేశమంతా వేలల్లో ఉన్నారు, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో వాళ్లకి తెలుసు. వాళ్లను వెంటపెట్టుకుని తిరగండి. బీపీ ఉన్నవాళ్ల లిస్టు ఊరి హెల్త్ పోస్టులో ఇచ్చి, అక్కడ దొరికే మందే రాయండి. మీరు సూట్‌కేసులో తెచ్చే బ్రాండు నెల తిరిగేసరికి ఎవరికీ అందదు.

మెడికో: ఇలా అయితే నాకూ అభ్యంతరం లేదు. ఫొటోలు మాత్రం తగ్గించుకోండి.

ఓటీ నర్సు: లిస్టు నేపాలీలో రాసేవాళ్లను వెతకాలి. రిజిస్ట్రేషన్ రాకపోతే పళ్లు పీకే సామాను పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్తాం.