అప్‌డేట్: "పనికొచ్చేదే నిజం" అన్న నా ప్రశ్న గురించి

ఆలోచనల్ని వాటి ఆచరణ ఫలితాలతో కొలిచే ప్రాగ్మాటిస్టు తత్వవేత్తలు పనికొచ్చేదే నిజమని అంటే, మనసుకు హాయినిచ్చే అబద్ధం కూడా నిజమైపోదా అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఆ మాటకు పేరుపడ్డ విలియం జేమ్స్‌ని పక్కనపెట్టి, ముందు ఈ ఆలోచనాధోరణిని మొదలుపెట్టిన చార్లెస్ పర్స్ 1877, 1878లో రాసిన వ్యాసాలు చదివాను. నా తికమక చాలావరకు అక్కడే తీరింది.

ఆయన లెక్కలో ఆలోచన అనుమానంతో మొదలై, నమ్మకం కుదరగానే ఆగుతుంది. నమ్మకమంటే ఒక అలవాటు. ఇది చదివిన రెండు రోజులకే ఇంటి తాళం మొరాయించింది. రోజూ ఫోన్ మాట్లాడుతూనే తిప్పే తాళంచెవి సగంలో ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి, చెవిని బయటికి లాగి, దాని పళ్లు చూసి, వేరేది తెచ్చానా, లోపల తుప్పు పట్టిందా అని ఒక్కో ఊహనీ పరీక్షిస్తూ పోయాను. తలుపు తెరుచుకోగానే ఆ ఆలోచనంతా మాయం! మరో ప్రాగ్మాటిస్టు జాన్ డ్యూయీ 1910లో చెప్పిన ఆలోచన వరుస కూడా దాదాపు ఇదే.

ఇక అబద్ధం సంగతి. తాళం నా ఇష్టాన్ని బట్టి తెరుచుకోదు. హాయిగా ఉందని మొండిగా పట్టుకున్న నమ్మకం, ఎదుటివాళ్లు వేరేలా ఆలోచిస్తున్నారని తెలిసేసరికి సడలిపోతుందని పర్స్ గట్టిగానే అంటాడు. జేమ్స్ మీద మాత్రం నా అభ్యంతరం పూర్తిగా పోలేదు, ముఖ్యంగా ఆయన మతవిశ్వాసం గురించి రాసిన చోట్ల. పర్స్ కూడా 1905లో తన సిద్ధాంతాన్ని జేమ్స్ లాంటివాళ్ల 'ప్రాగ్మాటిజం' నుంచి వేరుగా చూపించడానికి 'ప్రాగ్మాటిసిజం' అని కొత్త పేరు పెట్టుకున్నాడు.