‘దాటితే’, ‘దాటితేనే’ ఒకటేనా?

మా అమ్మాయి గుంటూరులో ఇంటర్ చదువుతోందండీ. లెక్కల్లో ‘అయితే’ వేరు, ‘అయితేనే’ వేరు అని వాళ్ల సార్ చెప్పారట. ఆ చివరి ‘ఏ’ నొక్కి చెప్పడానికే అనుకుంటున్నాను. అంతకు మించి ఏమైనా ఉందా?

— చాలా ఉందండీ, వాక్యం దిశే తిరగబడుతుంది. ‘4తో శేషం లేకుండా భాగించగలిగితే అది సరిసంఖ్య’ నిజం. ‘భాగించగలిగితేనే సరిసంఖ్య’ అబద్ధం, 6 ఉంది కదా. రెండోది చెప్పేది ‘సరిసంఖ్య అయితే 4తో పోతుంది’ అని, అంటే మొదటిదానికి విపర్యయం, ముందువెనుకలు మార్చిన వాక్యం.

మన బెజవాడ సంగతే చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఈ ప్రవచనం (లెక్కల్లో, నిజమో అబద్ధమో చెప్పగల వాక్యం) ఎప్పుడు అబద్ధమవుతుంది? దాటినా హెచ్చరిక ఇవ్వకపోతే, అప్పుడు మాత్రమే. బ్యారేజీ దిగువన ఇసుక తేలిన మే నెలలో ప్రవాహమే లేదు, హెచ్చరికా లేదు, అయినా వాక్యం నిజమే. వాక్యం ఎప్పుడు నిజమో, ఎప్పుడు అబద్ధమో వరుసగా రాసే సత్య పట్టికలో పిల్లలు తడబడేది ఇక్కడే, షరతే జరగనప్పుడు నిజమని ఎలా రాస్తాం అంటారు. మాట తప్పిన సందర్భం రాలేదు కాబట్టి నిజం. ఈ ఒక్క వరుస అర్థమయ్యేదాకా ముందుకు వెళ్లొద్దని నేను గట్టిగా చెబుతాను.

— ఇంకోటి కలుపుతాను. ‘కృష్ణకు పెద్ద వరద వస్తే లోతట్టు ప్రాంతాలు మునుగుతాయి’ అన్న మాట విని ‘కృష్ణకు రాకపోతే మునగవు’ అనుకోవడం విలోమాన్ని, అంటే రెండు భాగాలనూ ‘కాదు’గా మార్చిన వాక్యాన్ని, నమ్మడం. మొదటిది నిజమైనంత మాత్రాన అది నిజం కానక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బెజవాడలోని సింగ్ నగర్‌ను ముంచింది బుడమేరు వాగు, అంటే ముంచేది కృష్ణ ఒక్కటే కాదు. ముందువెనుకలు మార్చి, రెండిటినీ ‘కాదు’గా చేసిన ప్రతివర్తితం ఒక్కటే భద్రం: ‘మునగలేదంటే పెద్ద వరద రాలేదన్నమాట’, ఇది అసలు వాక్యంతో ఎప్పుడూ సమానమే.

— బాగుందండీ, కానీ ‘అన్నం తింటేనే ఐస్‌క్రీమ్’ అంటే, తింటే ఇస్తామని కూడా కదా?

— పిల్లలు అలాగే వింటారు, మనమూ అలాగే అంటాం, అది మాట్లాడే భాషలో న్యాయమే. లెక్కల్లో మాత్రం ఆ హామీ విడిగా రాయాలి. ‘తింటేనే’ అన్నంతవరకు, తినకుండా ఇవ్వనని మాత్రమే. రెండు వైపులా కావాలంటే రెండూ రాయండి: త్రిభుజంలో మూడు కోణాలూ సమానమైతే, సమానమైతేనే, అది సమబాహు త్రిభుజం. నిరూపణ కూడా రెండుసార్లు చేయాలి, ఒక వైపు చేసి వదిలేస్తే సగమే అయినట్టు.