సెల్ఫ్ రెన్యువల్‌కి "స్వీయ పునరుద్ధరణ" సరిపోతుందా?

అందరికీ నమస్కారం. రక్త మూలకణాల (స్టెమ్ సెల్స్) మీద ఒక వ్యాసం రాస్తున్నాను. సెల్ఫ్ రెన్యువల్‌కి స్వీయ పునరుద్ధరణ అని రాస్తున్నారు కదా, అది చదివితే పాడైన కణం తనని తాను బాగుచేసుకుంటున్నట్టు ఉంది నాకైతే. డిఫరెన్షియేషన్‌కి, అంటే మూలకణం ఎర్ర కణంగానో తెల్ల కణంగానో మారడానికి, విభేదనం ఉంది గానీ పక్కనే కణం రెండవడానికి వాడే విభజన కూడా వస్తుంది, చదివేవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారేమో. ఏం వాడమంటారు?

జవాబు: మీ అనుమానం నిజమేనండి, ఇందులో బాగుచేసుకోవడం అన్న ప్రసక్తే లేదు. మూలకణం రెండయినప్పుడు కనీసం ఒకటి మళ్ళీ మూలకణంగానే మిగిలితే అదే సెల్ఫ్ రెన్యువల్. రెండూ మిగిలితే నిల్వ పెరుగుతుంది, రెండూ ఎర్ర కణాల వైపో తెల్ల కణాల వైపో వెళ్ళిపోతే తరుగుతుంది. టొరంటోలో టిల్, మెకల్లక్ అనే శాస్త్రవేత్తలు 1961లో రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకి మూలుగ కణాలు ఎక్కిస్తే ప్లీహం మీద బొడిపెలు లేచాయి, ఒక్కో బొడిపె ఒక్కో కణం నుంచే వచ్చిందని 1963లో చూపించారు, అంతేకాదు కొన్ని బొడిపెల్లోని కణాల్ని తీసి ఇంకో ఎలుకకి ఎక్కిస్తే అక్కడా బొడిపెలు కట్టాయి. అంటే మొదటి కణం రక్తకణాల్ని పుట్టిస్తూనే తనలాంటివాటినీ మిగిల్చిందన్నమాట. అందుకే "తనలాంటి కణాన్ని మిగుల్చుకోవడం" అని విప్పి రాసేయండి, పొడుగైనా పర్లేదు.

జవాబు: పంటలో విత్తనాలకి కొంత తీసిపెట్టుకున్నట్టు కదా ఇది! "విత్తు నిలుపుదల" అంటే ఎలా ఉంటుంది?

జవాబు: వినడానికి బావుంది గానీ నేను ఒప్పుకోలేనండి. విత్తనం తీసిపెట్టే మనిషి ఒకడుంటాడు, మూలుగలో అలా లెక్క చూసేవాళ్ళెవరూ లేరు. చుట్టూ ఉన్న కణాల నుంచి స్టెమ్ సెల్ ఫ్యాక్టర్, సీఎక్స్‌సీఎల్ 12 లాంటి సంకేత ప్రోటీన్లు అందుతుంటాయి, రక్తంలో త్రాంబోపోయెటిన్ అనే హార్మోన్ ఉంటుంది, ఇవి తగ్గితే మూలకణాల నిల్వ నిలవదు. ఆ చుట్టుపక్కల చోటునే నిష్ అంటారు, 1978లో స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఊహ అది. పైగా మూలకణాలు చాలావరకు నిద్రలోనే ఉంటాయి. మన ఒంట్లో సెకనుకి సుమారు 20 లక్షల ఎర్ర కణాలు పుడుతున్నాయంటే ఆ పనంతా మూలకణానికీ ఎర్ర కణానికీ మధ్య దశల్లో ఉండే కణాలు వేగంగా చీలి చేసేదే, మూలకణం ఎప్పుడో గానీ కదలదు. ఇన్ఫెక్షన్ వచ్చి ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రోటీన్ పెరిగితే మాత్రం లేస్తుంది, అలా మాటిమాటికీ లేపుతూ ఉంటే అలిసిపోతుంది కూడా. ఇంకో సంగతి, డీఎన్‌ఎంటీ3ఏ జన్యువు చెడితే తూకం తనలాంటి కణాన్ని మిగుల్చుకునే వైపు ఒరుగుతుంది, ఆ ఒక్క కణం సంతానమే ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతుంది, వయసు మళ్ళినవాళ్ళలో ఇది తరచూ కనిపిస్తుంది, కొద్దిమందిలో రక్త క్యాన్సర్‌కి దారితీస్తుంది. నిలుపుదల అంటే ఎంత ఎక్కువైతే అంత మంచిదనిపిస్తుంది, ఇక్కడ ఎక్కువైనా ముప్పే.

జవాబు: మరి విభేదనం సంగతి? రూపాంతరం అనొచ్చా?

జవాబు: వద్దండి, అది గొంగళిపురుగు సీతాకోకచిలుక అవడాన్ని గుర్తుచేస్తుంది. విభేదనం ఉంచేసి, విభజన దగ్గర "చీలడం" అనండి, గొడవ ఉండదు.

అడిగింది నేనే: అందరికీ చాలా థ్యాంక్సండీ. ఇలా రాస్తున్నాను: "కణం చీలాక ఒకటి మూలకణంగానే మిగిలింది, రెండోది విభేదనం చెంది ప్లేట్‌లెట్ల దారి పట్టింది." నిష్‌కి నెలవు అనుకుంటున్నాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.