హైదరాబాద్ నుంచి డల్లాస్: అమ్మకి దుబాయ్ మీదుగానా, లండన్ మీదుగానా?

జనవరిలో అమ్మ ఒక్కతే హైదరాబాద్ నుంచి డల్లాస్ వస్తోంది. మొదటి విమాన ప్రయాణం, పైగా మోకాళ్ల నొప్పులు. ఈ దారిలో పెద్దవాళ్లను పంపినవారు సలహా చెప్పగలరా?

గ్లోబు మీద నేరుగా కొలిస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, అదీ దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి. డైరెక్ట్ ఫ్లైట్ లేదు కాబట్టి ఆ లెక్కతో మనకు పనిలేదు. దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550, ఆ తర్వాత ఏకంగా 12,900. అంటే రెండో విమానంలోనే 16 గంటలు కూర్చోవాలి. లండన్ మీదుగా 7,750, 7,640. రెండు దారుల్లోనూ మొత్తం 15,400కి అటూ ఇటూనే. లండన్ దారిలో ఒక్కో విమానం సుమారు 10 గంటలు, మధ్యలో కాళ్లు చాపుకోవచ్చు. నాకైతే అదే నయమనిపిస్తోంది. కానీ హీత్రూలో టెర్మినల్ మారాల్సి వస్తే అమ్మ కంగారు పడుతుందేమో. దుబాయ్‌లో తెలుగువాళ్లు ఎవరో ఒకరు తగులుతారని నాన్న ధీమా.

టిక్కెట్టులో తెల్లవారుజామున 4కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4:30కి దిగినట్టుంది. చలికాలంలో పదకొండున్నర గంటల తేడా కలిపితే మొత్తం 24 గంటలు, అంతేనా? అమ్మ మాత్రం పన్నెండు గంటలేగా అని హాయిగా ఉంది!

వీల్‌చైర్ అడిగితే రెండో విమానం గేటు దాకా వాళ్లే తీసుకెళ్తారా? అమెరికా వీసా ఉన్నా లండన్‌కి ట్రాన్సిట్ వీసా కావాలా? బీపీ, షుగర్ మాత్రలు ఏ టైమ్ ప్రకారం వేసుకోమన్నారు మీ డాక్టర్లు?