కుక్కకు దురద అనగానే చికెన్ బంద్ పెట్టాల్సిందేనా?

పాలమూరు లత:
మాది మహబూబ్‌నగర్. ఇంట్లో ల్యాబ్ (లాబ్రడార్ కుక్క) ఉంది, మగది, మూడో ఏడు నడుస్తోంది, పేరు రాకీ. వానలు మొదలైతే చాలు, దానికి దురద మొదలు. కాలి వేళ్ళ మధ్య నాకి నాకి లేత రంగు వెంట్రుకలన్నీ ఇటుక రంగుకు తిరిగాయి, పొట్ట కింద ఎర్రబడుతుంది, చెవుల్లోంచి పులిసిన వాసన. ఎండాకాలం వచ్చేసరికి చాలావరకు తగ్గుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఒక సూది వేస్తారు, మర్నాటికి హాయిగా పడుకుంటుంది, కొన్ని వారాలకు కథ మళ్ళీ మొదటికే. ఇప్పుడు మా అత్తమ్మ దగ్గర్నుంచి దాణా అమ్మే షాపతని దాకా అందరిదీ ఒకటే మాట, చికెన్ వేడి, బంద్ చెయ్యండి అని. బంద్ చేశాం. పెరుగన్నమే పెడుతున్నాం. దురద తగ్గలేదు గాని కుక్క పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు ఇప్పుడు. మా ఆయన మళ్ళీ చికెన్ మొదలుపెడదాం అంటాడు, అత్తమ్మ ససేమిరా అంటుంది. నిజంగా చికెనే కారణమా, లేక అందరికీ నోటికి దగ్గరగా ఉన్న పేరు కాబట్టి దాని మీద వేస్తున్నారా? ఆ సూది ప్రతిసారీ వేయించడం మంచిదేనా? మీ మీ అనుభవం చెప్పండి, తిట్టుకోకుండా.

దేవరకొండ సైదులు:
అక్కా, వంద శాతం చికెనే. మా పొమేరియన్‌కి ఒళ్ళంతా పుండ్లు అయినప్పుడు చికెన్ సెంటర్ నుంచి తెచ్చే కాళ్ళు, తలకాయలు పూర్తిగా మానేశాం. మటన్ బొక్కలు, అన్నం, అప్పుడప్పుడు చేప. వెంట్రుకలు మళ్ళీ వచ్చాయి, ఇప్పుడు దాన్ని చూస్తే కొత్త కుక్క అనుకుంటారు. బ్రాయిలర్ కోడి నలభై రోజుల్లో అంత బరువు ఎట్లా వస్తది? సూదులు, మందులు. ఆ మందులన్నీ కుక్క ఒంట్లోకి పోతాయి. మీది పెరుగన్నం మీద కూడా తగ్గలేదంటే పాత వేడి ఇంకా పోలేదని అర్థం, ఇంకొన్నాళ్ళు ఆగండి.

రాజేంద్రనగర్ స్టూడెంట్:
సైదులు అన్నా, మీ కుక్కకు తగ్గింది, సంతోషం, దాన్ని కాదనను. కానీ కారణం మీరు చెప్పినది కాదు. నేను వెటర్నరీ కాలేజీలో చదువుతున్నా, ఇంకా డాక్టర్ని కాదు, అందుకే ఎవరికీ డోసులు చెప్పను. బ్రాయిలర్ త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. హార్మోన్ సూదులు అనేది ఊరూరా తిరిగే మాట. తిండి అలర్జీకి "వేడి"తో కూడా సంబంధం లేదు. కుక్క చాన్నాళ్ళుగా తింటున్న ఏదో ఒక ప్రోటీన్‌ని దాని శరీరం శత్రువు అనుకుంటుంది, అంతే. కుక్కల్లో ఎక్కువగా దొరికిపోయేవి పెద్దకూర, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. ఇప్పుడు లతక్క ఏం చేశారో చూడండి: చికెన్ తీసేశారు, పెరుగు పెట్టారు. అంటే అనుమానితుల్లో ఒకరిని పంపించి ఇంకొకరిని ఇంట్లో కూర్చోబెట్టారు. పైగా రోజూ ఎవరో ఒకరు బిస్కెట్ వేసి ఉంటారు, అందులో గోధుమ. దీన్ని పరీక్ష అనలేం.

ఇంకో సంగతి. వానాకాలంలో వచ్చి ఎండాకాలంలో తగ్గేది సాధారణంగా తిండి అలర్జీ కాదు. తిండి ఏడాది పొడుగునా అదే కదా, అలాంటప్పుడు దురద కూడా ఏడాది పొడుగునా ఉండాలి. పాదాలు, పొట్ట, చంకలు, చెవులు, పైగా ఆరు నెలలకూ మూడేళ్ళకూ మధ్య మొదలవడం, పైగా ల్యాబ్. ఇది అటోపీ లాగా ఉంది, అంటే ఇంటి దుమ్ములో ఉండే, కంటికి ఆనని మైట్లు అనే పురుగులు, పుప్పొడి, బూజు లాంటి వాటికి వచ్చే అలర్జీ. చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పలేను.

మిర్యాలగూడ మిల్లు రోడ్డు:
మీరిద్దరూ తిండి, గాలి అని కొట్లాడుకుంటున్నారు, కుక్క మీద పాకేవాటి సంగతి ఎవరూ అడగట్లేదు. ఫ్లీ అని సన్నటి పురుగులు, చూస్తుండగానే దూకి మాయమవుతాయి. అలర్జీ ఉన్న కుక్కకు ఒకటి రెండు కుట్టినా చాలు, దాని ఉమ్ముకే ఒళ్ళు రేగిపోతుంది. మా జిమ్మీకి తోక మొదట్లో, నడుము మీద వెంట్రుకలు పోయాయి, "ఒక్క పురుగు కూడా లేదు" అని మేమంతా గట్టిగా వాదించాం. ఒక దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల పొడిని తడి తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రగా దిగితే అది ఫ్లీ మలం, కుక్క రక్తమే అది. కుక్క మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో ఐదు శాతం కూడా ఉండవంటారు, మిగతాదంతా గుడ్లు, లార్వాలు, గూళ్ళుగా గోనెసంచుల్లో, మంచం కింద, తలుపు మూల ఉంటుంది. అందుకే ఒక్కసారి మందేసి "పని చెయ్యలేదు" అనేస్తారు. ఇంట్లో ఉన్న అన్ని జంతువులకూ కనీసం మూడు నెలలు వరుసగా వెయ్యాలి, పక్కలు వేడి నీళ్ళలో ఉతకాలి.

మాది మిల్లు పక్కన, ఊక దుమ్ము ఏడాదంతా ఉంటది. దుమ్ము మైట్లు, నిల్వ ధాన్యంలో పుట్టేవి వేరే రకం కూడా ఉంటాయట. డాగ్ ఫుడ్ పెద్ద బస్తా చౌక అని తెచ్చి, మూతి తెరిచి నెలల తరబడి వాడేవాళ్ళు ఇది ఆలోచించుకోండి.

గొర్ల మల్లేశ్:
ఇంత పంచాయితీ ఎందుకు? గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఉంది కదా, ఒక్క సూది తోలు కింద వెయ్యండి, గజ్జి, పిడుదులు అన్నీ పోతాయి. మా మంద కుక్కలన్నిటికీ అంతే. ఎక్కడైనా మిగిలితే ఇంజన్ నుంచి తీసిన కాలిన ఆయిల్ పూస్తాం. ఎవ్వరూ వేలకు వేలు పెట్టరు మా దగ్గర.

రాజేంద్రనగర్ స్టూడెంట్:
మల్లేశన్నా, మీ మాటలో సగం నాకు నచ్చింది. అలర్జీ అనుకున్నవాటిలో కొన్ని నిజంగా గజ్జే. చెవి అంచులు, మోచేతులు బాగా గోక్కుంటూ, ఇంట్లో మనుషుల చేతుల మీద, నడుము దగ్గర కూడా చిన్న చిన్న కురుపులు లేస్తుంటే ముందు తోలు గీకి మైక్రోస్కోప్ కింద చూడాలి. లతక్కా, మీ ఇంట్లో ఎవరికైనా దురద ఉందా?

మిగతా సగం వద్దు. గొర్రెల, పశువుల సూది మందు 1 శాతం ఉంటుంది, అంటే ఒక మిల్లీలీటర్ 50 కిలోల జంతువుకు లెక్క. ఐదు కిలోల పొమేరియన్‌కి అదే సిరంజితో అంచనాగా లాగితే పది రెట్లు పోవడం ఎంతసేపు? కోలీ లాంటి కొన్ని జాతుల్లో, వాటితో కలిసిన కుక్కల్లో, ఆ మందు మెదడులోకి పోతుంది, వణికి, తూలి, స్పృహ తప్పి చనిపోయినవి ఉన్నాయి. పైగా పుప్పొడికి, ఫ్లీ ఉమ్ముకి వచ్చే అలర్జీని అది తగ్గించదు. కాలిన ఆయిల్ అయితే ఇంకా ఘోరం, కుక్క దాన్ని నాకుతుంది, లోపలికి పోయేది ఇంజన్ మురికి. పశువుల మీద కొట్టే డెల్టామెత్రిన్ మందు పలచన చేసీ చేయకా కుక్క మీద పోసేవాళ్ళూ ఉన్నారు, అదీ వద్దు, ఇంట్లో పిల్లి ఉంటే అసలే వద్దు.

గొర్ల మల్లేశ్:
మావాటికి ఎప్పుడూ ఏం కాలేదు తమ్మీ.

జడ్చర్ల టీచర్:
మల్లేశ్ గారూ, ఏం కానివి మీకు కనిపిస్తాయి, అయినవి చేలో పడి ఉంటాయి. సరే, లత గారి రెండో ప్రశ్నకు ఎవరూ సూటిగా చెప్పలేదు. సూది మంచిదా కాదా? మర్నాటికే తగ్గిస్తోందంటే అది స్టెరాయిడ్ సూదే అయి ఉంటుంది.

స్టెరాయిడ్ అనగానే అందరూ విషం అన్నట్టు మాట్లాడతారు. నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. రాత్రంతా గోళ్ళతో నేల గీరుతూ, నిద్రలేక, మెడ మీద రక్తం కారేదాకా గోక్కునే జంతువును మీరు చూసి ఉంటే, ముందు దాన్ని పడుకోనివ్వండి అంటారు. ఓక్లాసిటినిబ్ అని కొత్త బిళ్ళలు ఉన్నాయి, మంచివే అట, కానీ ముప్ఫై కిలోల ల్యాబ్‌కి నెలకు అయ్యే ఖర్చు చాలా ఇళ్ళలో పాల బిల్లు కంటే ఎక్కువ. స్టెరాయిడ్ బిళ్ళ చాలా చౌక. "ఖరీదైనది కొనలేకపోతే కుక్కను పెంచకండి" అని ఎవరైనా రాస్తే నేను ఈ చర్చలోంచి వెళ్ళిపోతాను, ముందే చెబుతున్నా.

నారాయణపేట గీత:
టీచర్ గారూ, ఎవరూ అలా అనట్లేదు. కానీ నెల నెలా స్టెరాయిడ్ సూదితో మా పగ్ ఉబ్బిపోయింది, నీళ్ళు తాగడం, పదే పదే ఒంటికి పోవడం, ఎప్పుడూ ఆకలే, చివరికి షుగర్ తేలింది. చౌక అని మొదలుపెట్టింది ఇప్పుడు రోజూ ఇన్సులిన్. నిద్ర పట్టించింది నిజమే, దానికి కట్టిన ధర కూడా చెప్పాలి కదా.

రాజేంద్రనగర్ స్టూడెంట్:
ఇద్దరూ చెప్పింది నిజం, తేడా ఎలా ఇస్తున్నారన్న దాంట్లో ఉంది. ఎక్కువ రోజులు పనిచేసే సూది ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం, దాని దుష్ప్రభావం వచ్చినా వారాలపాటు ఒంట్లోనే ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ళలైతే తగ్గించుకుంటూ రావచ్చు. చాన్నాళ్ళు వాడినదాన్ని ఒక్కరోజులో ఆపకూడదు. దాంతోపాటు నొప్పి బిళ్ళలు కలిపి ఇవ్వకూడదు, పేగుల్లో పుండ్లు పడతాయి. ఓక్లాసిటినిబ్ ఏడాది లోపు కుక్కపిల్లలకు, ఒంట్లో గట్టి ఇన్ఫెక్షన్ ఉన్నవాటికి ఇవ్వరు. లోకివెట్‌మాబ్ అనే సూది స్టెరాయిడ్ కాదు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది, ధర మాత్రం టీచర్ గారికి నచ్చదు. మనం జలుబుకు వేసుకునే సెటిరిజిన్‌తో కుక్కల దురద పెద్దగా తగ్గదు, అందుకని దాని మీద ఆశ పెట్టుకోకండి.

కానీ లతక్కా, వీటన్నిటికంటే ముందు ఆ చెవుల వాసన. అది ఈస్ట్ అనే ఫంగసో, బ్యాక్టీరియానో చేరిన గుర్తు. ఆ ఇన్ఫెక్షన్ ఒక్కటే చాలు కుక్కను గోకించడానికి. అది ఉండగా మీరు చికెన్ ఆపినా, పెట్టినా, ఏ తేడా తెలియదు. చెవిలోంచి, వేళ్ళ మధ్య నుంచి శాంపుల్ తీసి స్లైడ్ చూడమని అడగండి, పెద్ద ఖర్చు కాదు. క్లోరెక్సిడిన్ ఉన్న డాగ్ షాంపూ, నురగ పట్టించి పది నిమిషాలు ఉంచి కడగాలి, పోయగానే కడిగేస్తే ఏం లాభం లేదు. మన సబ్బులు వద్దు, డెట్టాల్ వద్దు. షికారు నుంచి రాగానే నాలుగు పాదాలూ పొట్టా మామూలు నీళ్ళతో కడిగి, వేళ్ళ మధ్య పొడిగా తుడవండి. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ ఉన్నచోటికి తీసుకెళ్ళకండి.

పాలమూరు లత:
మనుషులకు ఎవరికీ దురద లేదు. మా కాలనీ వెనక అంతా వయ్యారిభామే, వాడు రోజూ పొద్దున అందులోనే దొర్లేది! వేపాకు నీళ్ళు, పసుపు, కొబ్బరినూనె సంగతేంటి, అత్తమ్మ రోజూ రాస్తుంది.

మిర్యాలగూడ మిల్లు రోడ్డు:
వేపాకు నీళ్ళు చల్లగా ఉంటాయి, పోనివ్వండి. పసుపు రాస్తే సోఫా పచ్చబడుతుంది, అంతకంటే ఏం జరగదు. కొబ్బరినూనె వాడు నాకి తాగేస్తాడు, ల్యాబ్ కదా.

దేవరకొండ సైదులు:
అంతా బాగుంది తమ్ముడూ, మరి మా కుక్కకు చికెన్ ఆపాకే ఎందుకు తగ్గింది? సూటిగా చెప్పు.

రాజేంద్రనగర్ స్టూడెంట్:
మీ కుక్కకు నిజంగా చికెన్ పడకపోయి ఉండొచ్చు అన్నా. లేదా అదే సమయంలో పురుగుల మందు వేసి ఉండొచ్చు, వానలు వెళ్ళిపోయి ఉండొచ్చు. తేల్చే దారి ఒకటే. ఇప్పటిదాకా తినని ప్రోటీన్ ఒకటి, ఒక దుంప, ఇంకేమీ లేదు. మన దగ్గర అయితే ముళ్ళు తీసిన రవ్వ చేపో, బొచ్చె చేపో, దానితో ఉడకబెట్టిన కందగడ్డ (చిలగడదుంప), అది ముందెప్పుడూ చేప తిననిదైతేనే. కనీసం 8 వారాలు. బిస్కెట్ లేదు, పాలు లేవు, పిల్లల చేతి ముద్ద లేదు. మాంసం రుచి కలిపిన పిడుదుల బిళ్ళలు కూడా ఆ రోజుల్లో వద్దు, మెడ మీద పోసే మందు అడగండి. తగ్గితే అప్పుడు పాత తిండి మళ్ళీ పెట్టాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే తిండే కారణం. చాలామంది ఈ చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు, తగ్గింది కదా చాలు అని. రక్తం, వెంట్రుకలు పంపితే తిండి అలర్జీ చెప్పేస్తాం అనే టెస్టులకు డబ్బు పెట్టకండి, నమ్మలేం.

అటోపీ, తిండి అలర్జీ రెండూ ఒకే కుక్కలో ఉండటం కూడా జరుగుతుంది. అందుకే లతక్కకు ముందు చెవులు, ఫ్లీలు, స్నానం, ఇవి అయ్యాకే తిండి పరీక్ష అంటున్నా. ఈలోపు చికెన్ పెట్టండి అక్కా, ఎముకలు తీసేసి ఉడకబెట్టి. ఒట్టి పెరుగన్నం మీద ల్యాబ్ బతకదు.

జడ్చర్ల టీచర్:
చికెన్ పెట్టమనేది నాకూ సబబే అనిపిస్తోంది. కానీ అత్తమ్మను ఒప్పించే మందు ఈ చర్చలో ఎవరూ చెప్పలేదు.

పాలమూరు లత:
సోమవారం చెవులు చూపించడానికి వెళ్తున్నాం, స్లైడ్ చూడమని నేనే అడుగుతా. తడి కాగితం మీద ఎరుపు రాలేదు, అయినా పురుగుల మందు వేస్తాను. చికెన్ సాయంత్రం నుంచి మొదలు, అత్తమ్మ పక్కింటికి వెళ్ళినప్పుడు.

దేవరకొండ సైదులు:
మీ ఇష్టం అక్కా. మా దానికి మాత్రం చికెన్ వెయ్యను.

రాజేంద్రనగర్ స్టూడెంట్:
అన్నా, ఒక్కసారి పెట్టి రెండు వారాలు చూడండి, అప్పుడు నన్ను తిట్టండి.

దేవరకొండ సైదులు:
దసరా పోనీ తమ్ముడూ. ఇంటినిండా చుట్టాలు, ఎవరు ఏ బొక్క వేస్తారో నాకే తెల్వదు, అప్పుడు నీ పరీక్ష ఎట్లా నిలబడ్తది?