‘జింగ్’కు తెలుగు మాట: నాడియా, పడుగా, కాలువా?

ఆక్యుపంక్చర్ పుస్తకాన్ని తెలుగు చేస్తున్న మిత్రులొకరు ‘మెరిడియన్’ను, అంటే సూదులు గుచ్చే బిందువులను కలుపుతూ ఒంట్లో సాగే దారిని, ‘రేఖ’ అనాలా, ‘నాడి’ అనాలా అని అడిగారు. నా ఉద్దేశంలో రెండూ వద్దు.

మెరిడియన్ చైనా వైద్యుల మాట కాదు. ఫ్రాన్సుకు చెందిన సూలియే ద మొరాఁ గత శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన మాట. చైనీస్ మూలంలో ఉన్నది ‘జింగ్’. ఆ అక్షరానికి ఎడమ పక్కన పట్టుదారం గుర్తు ఉంటుంది, ఎందుకంటే జింగ్ అంటే మొదట మగ్గం మీది పడుగు, అంటే నిలువు దారాలు. తరువాత అదే ప్రామాణిక గ్రంథానికి పేరయింది. చైనా వైద్యానికి మూలమైన ప్రాచీన గ్రంథం ‘హువాంగ్ ది నెయ్ జింగ్’ పేరులో చివరి మాట అదే. బౌద్ధ సూత్రాలను చైనీస్‌లోకి తెచ్చినవారు ‘సూత్రం’ అనడానికీ దీన్నే ఎంచుకున్నారు. దారమే గ్రంథం కావడం సంస్కృతంలోనూ ఉంది కదా, ఎంత చక్కగా కలిసిందో!

జర్మన్ పండితుడు పౌల్ ఉన్‌షుల్డ్ ఇలాంటి మాటల మీదే జీవితమంతా పనిచేశారు. ఆయన ఇంగ్లీషు అనువాదాల్లో ‘నాన్ జింగ్’ అనే మరో ప్రాచీన వైద్య గ్రంథం 1986లో వచ్చింది; ‘నెయ్ జింగ్’ రెండు భాగాల్లో, హెర్మన్ టెసెనోతో కలిసి చేసిన ‘సు వెన్’ 2011లో, ‘లింగ్ షు’ 2016లో వచ్చాయి. ప్రాచీన గ్రంథంలోకి నేటి వైద్యాన్ని చొప్పించకూడదన్నది ఆయన పట్టుదల. జింగ్‌కు ఆయన ఎంచుకున్న ఇంగ్లీషు మాటకు అర్థం ‘ప్రవాహం సాగే గొట్టం, కాలువ’. ‘లింగ్ షు’ పన్నెండో అధ్యాయం ఒంట్లోని పన్నెండు జింగ్‌లను చైనాలోని పన్నెండు నదులతో పోలుస్తుంది. గీతలో నీరు పారదు!

‘నాడి’ నాకు ఇష్టమైన మాటే. చైనీస్‌లో ‘మై’ అన్నా రెండు అర్థాలు: ఒంట్లో పారే మార్గం, వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేది. మన నాడికీ ఆ రెండూ ఉన్నాయి. అందుకే దాన్ని ‘మై’ కోసం దాచుకుందాం. జింగ్‌ను కూడా నాడి అంటే పాఠకుడు వెంటనే యోగంలోని ఇడ, పింగళ, సుషుమ్న నాడుల దగ్గరికి వెళ్లిపోతాడు.

జింగ్‌లలో పారుతుందని చెప్పే ‘చి’ని ‘ప్రాణశక్తి’ అనడమూ అంతే. ఆ అక్షరం పాత రూపంలో పైన ఆవిరి, కింద బియ్యం. ఉడుకుతున్న ఎసరు మీది ఆవిరి నాకు కళ్లకు కడుతుంది. ‘సు వెన్’ అనువాదంలో ఉన్‌షుల్డ్ దాన్ని అనువదించకుండా ‘చి’గానే ఉంచారు. మనమూ అలాగే ఉంచుదాం.

పడుగు మాత్రం మనసును వదలడం లేదు. నేత తెలిసినవారు చెప్పండి, జింగ్‌ను పడుగు అంటే కుదురుతుందా?

జవాబు: మాది నేత ఇల్లు. కుదరదండీ. పడుగు మగ్గానికి బిగించి ఉంటుంది, అక్కడి నుంచి కదలదు. అటూ ఇటూ తిరిగేది నాడె, దాని వెంట పేక, అంటే అడ్డదారం. మీరు చెప్పే జింగ్‌లో ఏదో ఒకటి పారుతూ ఉండాలి కదా. మా ఇంట్లో ఎవరూ పడుగు పారుతుంది అనరు.

చాలా సంతోషం అండీ, ఈ సంగతి నాకు తట్టలేదు. అయితే ఒంట్లోని జింగ్‌కు ‘కాలువ’ ఖాయం చేద్దాం. పడుగు సంగతి ‘నెయ్ జింగ్’ అన్న పేరు మొదటిసారి వచ్చిన పుటలో, అడుగున వివరణగా రాద్దాం.